మోహన ఆపిన దెబ్బ

"ఆగండ్రా, ఆగండి!" పంకజాక్షి మేడమ్ గట్టిగా అరిచినారు.

స్కూల్ వార్షికోత్సవానికి చెక్క భజన ప్రాక్టీసు అది. పన్నెండు మందిమి చేతుల్లో చెక్కలు పట్టుకుని ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకుంటా ఉన్నాము. నేను తెచ్చిన సీడీలో డోలక్ మాత్రం టకటకా పోతానే ఉండాది.

"ధర్మేంద్రా, దరువు ఒక పక్క, మీ కాళ్ళు ఒక పక్క! సోమవారానికి ఈ సీడీని బాగు చేసుకుని రా" అన్నారు మేడమ్.

నిజానికి మాకు డోలక్ కొట్టేది మోహన. నా క్లాసే. పోయిన వారం ఆమె ఒక దెబ్బ తప్పింది. నేను ఊరికే ఉండొచ్చు కదా!

"కంప్యూటర్ అయితే తప్పు కొట్టదు మేడమ్. మా మామ కంప్యూటర్లో తనంతట తానే దరువేసే డ్రమ్మర్ ఉండాడు" అని అందరి ముందరా గొప్పలు పోయినాను. మామ దగ్గరికి పోయి, ఆయన వేరే పనిలో ఉండగా నేనే సీడీ చేసుకొచ్చినాను. మోహన డోలక్ మీద గుడ్డ కప్పి గోడ పక్కన కూచునింది. అప్పట్నుంచీ ఆడే కూచుంటా ఉండాది.

ఆదివారం నాయనతో బస్సెక్కి పూతలపట్టు నుంచి చిత్తూరు పోయినాను. గిరిప్రసాద్ మామకు ఆడ చిన్న రికార్డింగ్ గది ఉండాది. సీడీ విని మామ నవ్వినాడు.

"ఒక్క వరస చేసి, దాన్నే యాభై సార్లు అతికించినావు కదా? దెబ్బలన్నీ ఒకే బలం. మనిషి అట్ల కొడతాడా? కొన్ని మెల్లగా కొట్టించు. ఒకటీ రెండూ రవ్వంత ఆలస్యంగా రానీ. నాలుగు వరసలకు ఒకసారి మార్చు."

మౌస్ పట్టుకుని అన్నీ చేసినాను. అబ్బ, దరువుకు ప్రాణం వచ్చింది!

"యాడ వేగం పెంచాల, యాడ ఆగాల మామా?"

"అది నాకేం తెలుసప్పా? మీకు డోలక్ కొట్టే పాప ఉండాదంటివే, ఆమె ఎట్ల కనుక్కుంటాది?"

"మా కాళ్ళు చూస్తాది" అన్నాను. ఆ మాట అన్నాక మౌస్ వదిలేసినాను.

పోయిన వారం మాతో ఆడే చెంగయ్య చేతిలో చెక్క జారబోయింది. వాడు సర్దుకునేదాకా మోహన ఒక దెబ్బ ఆపింది. అది తప్పు కానే కాదు. ఛీ, ఎంత మాట అన్నాను!

సోమవారం మేడమ్ సీడీ అడిగినారు.

"వద్దు మేడమ్. మోహన తప్పు కొట్టలేదు. చెంగయ్య కోసం ఆగింది. నేనే తెలీక అందరి ముందరా అంత మాట అనేసినాను."

డోలక్ మీద గుడ్డ తీసి మోహన ముందర పెట్టినాను. "తప్పయిపోయింది మోహనా."

"ఇంటికి పోయి ఎంత ఏడ్చినానో తెలుసా నీకు?" అనింది, నా మొహం చూడకుండానే.

తల వంచుకుని పోయి వరసలో నిలబడినాను.

దరువు మొదలైంది. మూడో చుట్టులో నా కాలే మడత పడింది. అందరూ ముందుకు పోయినారు, నేను వెనకబడినాను. భయపడతా తలెత్తినాను. మోహన నా కాళ్ళనే చూస్తా ఉండాది.

ఒక దెబ్బ ఆపింది. నేను అందుకున్నాక మళ్ళీ కొట్టింది.