మార్కులు వేయనన్నవాడు

మణికట్టు మీద తాడు విప్పితేగానీ లోపలికి రానివ్వనని నర్సు ప్రశాంతి లేబర్ రూమ్ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

విశాఖపట్నం నుంచి రాత్రంతా కిరండూల్ రైల్లో ఊగుతూ వచ్చిన శ్యామ్‌ప్రసాద్‌కి తల కొట్టేసినట్టయింది. ఆసుపత్రిలో ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకుండా ఏం చేస్తున్నారో చూసి మార్కులు వేసే మనిషి తను. తనకే పాఠాలా? అమ్మ గుళ్లో కట్టించిందని చెప్పి చూశాడు. దేవుడేమీ అనుకోడుగానీ తడితాడులో క్రిములు ఊరుకోవని సిస్టర్ తేల్చేసింది. వెంటనే విప్పి జేబులో వేసుకున్నాడు. అందుకే కాస్త నచ్చాడామెకి. ఆ సంగతి పైకి తేలనిస్తే ఆమె ప్రశాంతి ఎందుకవుతుంది?

ఇనుప గనులున్న బైలడిల్లా కొండల కింద ముప్పై పడకల ఆసుపత్రి అది. మార్కులు తక్కువొస్తే లేబర్ రూమ్ మూసేస్తారు. అడవి ఊళ్ల గర్భిణులు నొప్పులు పడుతూ జీపుల్లో దంతెవాడ దాకా పోవాలి.

రెండు రోజులు అతను వార్డులో కుర్చీ వేసుకుని, రోగిని ముట్టుకునే ముందు ఎవరు చేతులు కడుగుతున్నారో లెక్కపెట్టాడు. అందరూ కడిగారు. వందకు తొంభై వేయబోతుంటే ప్రశాంతి వచ్చింది.

"ఆ తొంభై తప్పు సార్. మీరు కూర్చున్నారని కడిగారు. మీరు టీకి లేస్తే ఎవరూ కడగరు. శానిటైజర్ సీసాలన్నీ స్టోర్‌లో తాళం వేసి ఉన్నాయి. స్పిరిట్ కదా, ఎవరైనా తాగేస్తారని భయం."

ఎన్నో ఆసుపత్రులు తిరిగాడుగానీ తన మార్కులు తనే కోయించుకునే మనిషిని అతను చూడలేదు. ఎందుకని అడిగాడు.

పోయిన వానాకాలం మంగి అనే బాలింత జ్వరం ముదిరి పదిహేను రోజులు చావు అంచున ఉంది. హడావుడిలో పక్క మంచం దగ్గర్నుంచి చేతులు కడక్కుండా ఆమె దగ్గరికెళ్లింది ప్రశాంతే. మంగి బతికింది కాబట్టి తనూ బతికానంది.

"అబద్ధం మార్కులొద్దు. మూడు నెలలు గడువిప్పించండి, చాలు."

అతను నలభై ఒకటి వేసి, గడువిప్పించాడు. పెద్ద డాక్టరు వారం రోజులు ప్రశాంతితో మాట్లాడలేదు. ఆమె లెక్కచేస్తేగా. తాళం తీయించి మంచానికో సీసా కట్టించింది. ఇది తాగేది కాదని ఆయా సోమి గోండీలో, హల్బీలో చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది. కాపలా కాస్తే నటిస్తారని, సీసాల్లో ఎంత తగ్గిందో ప్రశాంతి రోజూ పొద్దున్నే గీత పెట్టి చూసేది. సీసాలు ఖాళీ అవుతున్నకొద్దీ జ్వరాలూ తగ్గాయి.

గీత ఎంత దిగిందని శ్యామ్‌ప్రసాద్ ఫోన్ చేసేవాడు. తర్వాత తర్వాత అక్కడ వాన పడుతోందా అని కూడా అడిగేవాడు. గడువు దగ్గరపడేసరికి ఫోన్లు ఆగిపోయాయి.

గడువు తీరాక మళ్లీ తనిఖీకి వచ్చింది అతను కాదు. స్వర్ణకుమారి అని యాభై ఏళ్ల మనిషి, నవ్వడం తెలియనట్టుంది. తనే వస్తానన్నవాడు ఇలా చల్లగా తప్పుకున్నాడే అని ప్రశాంతికి ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరికేది? తనిఖీ జరిగిన మూడు రోజులూ పళ్ల బిగువున పని చేసింది.

స్వర్ణకుమారి గీతలన్నీ చూసి, మంచాల వెంట తిరిగి, డెబ్భై ఎనిమిది వేసి సంతకం పెట్టింది. లేబర్ రూమ్ నిలిచింది. అప్పుడు సంచీలోంచి ఒక కాగితం తీసింది. తనిఖీకి ముందు, ఆ ఆసుపత్రిలో తమవాళ్లెవరైనా ఉన్నారేమో మార్కులు వేసేవాళ్లు రాసివ్వాలట. శ్యామ్‌ప్రసాద్ రాసింది ఇది:

"ఈ ఆసుపత్రికి నేను మార్కులు వేయకూడదు. అక్కడి సిస్టర్ ప్రశాంతిని ప్రేమిస్తున్నాను. ఆమెకి ఇంకా తెలియదు. ఫలితం తేలేదాకా ఆమెతో మాట్లాడను."

గేటు బయట టీబండి దగ్గర వానలో పొద్దుట్నుంచీ నిలబడి ఉన్నాడని స్వర్ణకుమారి చెప్పింది, మొదటిసారి నవ్వుతూ.

ప్రశాంతి గొడుగైనా తీసుకోకుండా వెళ్లింది. అతను నిలువునా తడిసి ఉన్నాడు.

"పాసయ్యారా?" అన్నాడు.

"మేం పాసయ్యాం. మీ సంగతి మా నాన్న చెప్పాలి. గూడ్స్ బండి డ్రైవరు, ఆదివారం ఇంట్లోనే ఉంటారు. మీ అమ్మగారిని తీసుకురండి."

"ఆయన కాదంటే?"

"నేను ఔనన్నాక ఏటంటారు సార్?"