సాక్షికి ఒక్క జీబీ చాలు

"స్టాండ్‌బైకి సగం మెమరీ పెట్టి పస్తుంచిన పుణ్యాత్ముడు ఎవరండీ?"

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, కుర్చీ ఇంకా వెచ్చబడకముందే మా మనవరాలు అడిగిన ప్రశ్న ఇది. గదిలో ఉన్నది ఒక్కడే. పొడుగ్గా, చెవి మీద పెన్ను దోపుకుని, ఆ గదంతా తన భుజాల మీదే నిలబడి ఉన్నట్టు నుంచున్నాడు.

"ఆ పుణ్యాత్ముణ్ణి నేనే. ఈ గదికి పెద్దని కూడా నేనే. తమరు?"

"ఇవాళ్టి నుంచి మీ పక్క కుర్చీ."

ఇదంతా నేను బయట బెంచీ మీద కూర్చుని విన్నాను. అది ఆసుపత్రి కింది అంతస్తు. ఒక పక్క మోకాళ్లకు వ్యాయామం చేయించే గది, ఎదురుగా కంప్యూటర్ల గది, మధ్యలో నా బెంచీ. రోజూ నా మోకాలికి జరగాల్సిన మర్యాదలు జరిగాక నేనక్కడ కూర్చుంటాను. భోజనాల వేళకు మనవరాలు వచ్చి, వీధి అవతల ఉన్న మా ఇంట్లో నన్ను దించి వెళ్తుంది. గాజు తలుపు వేసే ఉంటుందనుకోండి. చిన్నప్పుడు గోడవతల చీమ తుమ్మితే విన్న చెవులివి, గాజు తలుపొక లెక్కా?

యంత్రాల సంగతి ఈ ముసలాడికేం తెలుసని నవ్వకండి. మనవరాలు నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఆ గదిలో నాలుగైదు పెద్ద కంప్యూటర్లు ఇళ్లలాంటివి. ఒక్కో ఇంట్లో బోలెడన్ని ఊహా కంప్యూటర్లు అద్దెకుంటాయి. రక్తపరీక్షలది ఒకటి, మందుల కొట్టుది ఒకటి, ఎక్స్‌రేలది ఇంకొకటి. ఎవరెక్కడున్నారో చూసుకుంటూ, ఒక ఇంట్లోవాళ్లను ఇంకో ఇంట్లోకి మార్చే పెద్దమనిషి మేనేజర్ సర్వర్. ఆ పెద్దమనిషి పడిపోతే లేచి పని అందుకోవడానికి స్టాండ్‌బై.

"అసలుదానికి ముప్పై రెండు జీబీ. స్టాండ్‌బైకి పదహారు. ఎందుకండీ ఈ సవతి ప్రేమ?" అంది మనవరాలు.

"అది రోజంతా ఊరికే కూర్చునేదేగా! ల్యాబ్ వాళ్లు మెమరీ చాలట్లేదని నా ప్రాణం తీస్తుంటే, కూర్చున్నదానికి కడుపునిండా పెట్టమంటారా?"

"ఒకరోజు లేవాలిగా. లేచిందంటే అసలుది మోసిన బరువంతా దీని నెత్తినే."

"అప్పుడు పెంచుతాం."

"ఎలా? పెంచమని చెప్పే మేనేజరే కదా పడిపోయింది?"

అతను చెవి మీది పెన్ను తీశాడు. మళ్లీ అక్కడే దోపాడు. "పడదు లెండి" అన్నాడు.

"పడేద్దాం" అంది మా పిల్ల.

బాగా నడుస్తున్న యంత్రాన్ని పట్టపగలు తమ చేతుల్తో ఆపేసి, రెండోది లేస్తుందో లేదో చూడటం వీళ్ల వృత్తిలో ఆచారమట! భోజనాల వేళ కాకముందే ఆపారు. స్టాండ్‌బై లేచింది. లేచి, అద్దెకున్నవాళ్లను లెక్కపెట్టబోయి, పొలమారినవాడిలా ఉక్కిరిబిక్కిరైంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఆసుపత్రిలో పనులేవీ ఆగలేదు గానీ, ఎవరెక్కడున్నారో చూసే దిక్కు లేదు. అసలుదాన్ని లేపి కూర్చోబెట్టేసరికి ఆ చలిగదిలో అతనికి చెమట పట్టింది. ఆ చలంటారా, ఒకసారి తొంగిచూస్తే నా నీడకు జలుబు చేసింది!

సంగతి తెలిసి సూపరింటెండెంట్ గారు దిగివచ్చారు. ఎవరి తప్పిది అన్నారు. యంత్రం మీదకో, మొదటిరోజు పిల్ల మీదకో నెట్టేయడానికి బోలెడంత చోటుంది. అతను నెట్టలేదు.

"నాదే సార్. ఈవిడ పొద్దున్నే చెప్పారు, నేను వినలేదు. మెమరీ సరిపెట్టి రేపు మళ్లీ ఆపి చూస్తాం."

నాకు ఆ క్షణంలోనే నచ్చాడు. మా పిల్లకు ఎప్పుడు నచ్చాడో కూడా తెలుసు: మర్నాడు. ల్యాబ్ వాళ్ల మెమరీ ముట్టుకోకుండా పదహారు జీబీ ఎక్కణ్ణుంచి తెచ్చాడా అని చూస్తే, తన సొంత ప్రయోగాల కోసం చాలాకాలంగా కట్టుకుంటున్న ఊహా కంప్యూటర్‌ను చెరిపేశాడు. అందులో తనే తయారుచేసుకుంటున్న చదరంగం ఆట ఉందట. ఆ మెమరీని ఇంకెవరూ ఆశించకుండా స్టాండ్‌బై పేరునే ఉంచేశాడు. ఖాళీగా కనిపించినా సరే, అది దానిదే.

"ఆట పోయిందిగా?" అంది మా పిల్ల, గొంతు కాస్త తగ్గించి.

"ఎలాగూ నేనే ఓడిపోతున్నాను లెండి, ఇన్‌స్పెక్టరమ్మగారూ."

"నేను ఆడతాను మీతో. పిసినారిగారిని ఓడించడం నాకూ సరదానే."

ఆ రోజు స్టాండ్‌బై పొలమారకుండా లేచి నిలబడింది. పేర్లు కూడా నిలబడిపోయాయి. అతను ఆవిడకి పిసినారి, ఆవిడ అతనికి ఇన్‌స్పెక్టరమ్మ.

గాజు తలుపుకు ఇవతల కూర్చున్నవాడికి మాటలకన్నా చూపులు బాగా తెలుస్తాయి. మా పిల్ల తెర వైపు చూస్తుంటే అతను మా పిల్ల వైపు చూస్తాడు. ఆమె తల తిప్పగానే పైకి చూసి ఫ్యాన్ రెక్కలు లెక్కపెడతాడు. ఆ గదిలో ఫ్యాన్ లేదు.

నా దగ్గరకూ వచ్చేవాడు, టీ పట్టుకుని. "మీ మోకాలికి ఏమైంది తాతగారూ?" అని అడిగాడొకసారి. మొసలి పట్టుకుందని చెప్పాను. వారం తర్వాత మళ్లీ అడిగాడు. చెప్పాను.

"పోయినసారి మొసలి వెనకనుంచి వచ్చిందన్నారు. ఇవాళ ముందునుంచి వచ్చింది."

"రెండు మొసళ్లు నాయనా. రెండోదాని సంగతి నువ్వు భయపడతావని దాచాను."

అతను టీ ఒలికేలా నవ్వాడు. ఏ కథా మర్చిపోడు. మొసలి తోకతో సహా గుర్తుంటుంది.

ఒకరోజు ఇంటికి నడుస్తూ మనవరాల్ని అడిగాను, "ఆ గదిలో మూల మూడోదేదో ఉందన్నావు, దాని పనేంటే?"

"అది సాక్షి తాతయ్యా. ఒక్కోసారి అసలుదీ స్టాండ్‌బై రెండూ బాగానే ఉంటాయి, మధ్యలో తీగే తెగుతుంది. అవతలిది పోయిందని ఇదీ, ఇవతలిది పోయిందని అదీ అనుకుంటాయి. అప్పుడు సాక్షి చెప్పాలి, ఎవరున్నారో, ఎవరు లేరో."

"దానికెంత పెట్టారు మెమరీ?"

"ఒక్క జీబీ చాలు. బరువేం మొయ్యదుగా. చూసింది చూసినట్టు చెప్తే చాలు."

"అయితే ఆ ఉద్యోగం నాకిప్పించు."

"చూసింది చూసినట్టు చెప్పాలి తాతయ్యా! నీవల్ల ఎక్కడవుతుంది?" అని పగలబడి నవ్వింది.

ఆ నవ్వు వానాకాలం మొదలయ్యేదాకా సాగింది. వానతోపాటు కబురొచ్చింది. పక్క ఊళ్లో ఆసుపత్రికి కొత్త భవనం కడుతున్నారు, అక్కడి కంప్యూటర్ల గదికి మా పిల్లను పెద్దగా వెళ్లమన్నారు. మర్నాడు సాయంత్రంలోగా చెప్పాలి. పేరు సూచించింది ఎవరా అని ఆమె సూపరింటెండెంట్ గారిని అడిగింది. ఇంకెవరు, పిసినారే!

ఆ రోజు గొడుగు కింద నడుస్తూ, వీధి సగం దాటాక అంది మా పిల్ల.

"నన్ను వదిలించుకోవాలనుకున్నాడు తాతయ్యా. ఒక్క మాట నాతో అనకుండా."

"అడగలేకపోయావా?"

"ఏమని? నేనంటే అంత విసుగా అనా?"

"వెళ్తావా మరి?"

"వెళ్తే మంచి ఉద్యోగం. వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదో అందరికీ తెలిసిపోతుంది."

వాన జల్లు అటునుంచి కొడుతోంది. చెంప మీది తడి మాత్రం ఇటువైపు. నేను చూశాను.

మర్నాడు వాన ఇంకా పెరిగింది. గదిలో ఇద్దరూ చెరో తెరకు ముఖం అతికించుకుని కూర్చున్నారు. యంత్రాలు తప్ప ఎవరూ మాట్లాడటం లేదు. అతను బయటకొచ్చి నా పక్కన కూలబడ్డాడు. టీ మర్చిపోయాడు.

"ఆవిడ సంతోషంగా ఉన్నారా తాతగారూ? సొంతంగా ఒక గది నడపాలని ఎప్పుడూ అనేవారు."

"ఏడ్చింది."

"సంతోషంతోనా?"

"నిన్ను వదిలి వెళ్లాల్సొచ్చినందుకు."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది కూడా మొసలి కథేనా?"

ఇన్నేళ్లకు ఒక్క నిజం చెబితే, దానికి విలువ లేకపోయింది! అదిగో, తీగ తెగింది, ఇద్దరూ బతికే ఉన్నారు, సాక్షి మాట ఎవరూ నమ్మరు.

"ఏ చేత్తో తుడుచుకున్నారు కళ్లు?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఎడమ చేత్తో. కుడి చేతిలో గొడుగుంది."

లేచి లోపలికెళ్లాడు. కాసేపటికి నాకు మంచినీళ్లు తెచ్చి, ఏమీ ఎరగనట్టు, "గొడుగు ఏ చేత్తో పట్టుకున్నారన్నారూ?"

"కుడి చేత్తో. వాన కుడివైపు నుంచి కొడుతోంది. తడి ఎడమ చెంప మీద. అది వాన కాదు."

మళ్లీ వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. రెండో గొడుగు కలపలేదు, పిడుగు కలపలేదు. నా జన్మలో అంత కష్టపడి చెప్పిన కథ లేదు.

"మారలేదు" అన్నాడు మెల్లగా. "తాతగారూ, మీ కథ మారలేదు!"

గాజు తలుపు తీసినవాడు వెయ్యడం మర్చిపోయాడు. నా చెవులకు పని తగ్గింది.

"మీరు విసుగనిపించి కాదండీ" అన్నాడు నిలబడే. "నా పక్కన కూర్చుంటే మీకు దొరికేది సగమే. పెద్ద కుర్చీ నాది, రెండో కుర్చీ మీది. నాకెంత ఉందో మీకూ అంత ఉండాలి. ఆ తప్పు ఒకసారి చేశాను, మళ్లీ చెయ్యలేక మీ పేరు చెప్పాను."

కీబోర్డు చప్పుడు ఆగింది.

"నన్ను అడగొచ్చుగా?" అంది మా పిల్ల.

"అడిగితే ఉండిపొమ్మని అంటానేమోనని భయం."

"అనాల్సింది."

"ఇప్పుడు అడుగుతున్నాను. ఉద్యోగం తీసుకోండి. పక్క ఊరేగా, సాయంత్రం బస్సులో నేనే వస్తాను, రోజూ చదరంగంలో ఓడిపోతాను. అదీ ఇదీ రెండూ అడుగుతున్నాను. నన్ను... మన ఇద్దరి..." అక్కడ మాట తడబడింది. పైకి చూశాడు, లేని ఫ్యాన్ కోసం.

మా పిల్ల కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది. తర్వాత ఆ గొంతులో నవ్వు వినిపించింది.

"ఉద్యోగానికి సరే. రెండోది టెస్ట్ చెయ్యకుండా ఎలా ఒప్పుకుంటాను? సూపరింటెండెంట్ గారికి చెప్పడానికి పైకెళ్తున్నా. నేను లేనప్పుడు నా పనులన్నీ మీరు మొయ్యగలరో లేదో చూడాలి. తాతయ్యను ఇంట్లో దించి రండి."

"అంతేనా?"

"దారిపొడుగునా కథలు చెప్తాడు. ఒక్కదానికీ విసుక్కోకూడదు."

నన్ను దాటి మెట్లెక్కుతూ, నా భుజం నొక్కి వెళ్లింది. సాక్షికి అంత బహుమానం చాలు.

అతను నా సంచీ భుజాన వేసుకున్నాడు. గొడుగు మొత్తం నా మీదకే వంచి, తను సగం తడుస్తూ నడిచాడు. మెమరీ విషయంలో పిసినారి గానీ మనిషి కాడు. మధ్య దారిలో, నీళ్లు నిలిచిన చోట నా చెయ్యి గట్టిగా పట్టుకుని అడిగాడు, "నిజం చెప్పండి తాతగారూ. ఆ మోకాలికి ఏమైంది?"

ఇంటివాడవుతున్నాడు కదా, చెప్పాల్సిందే అనుకున్నాను. "ఏం లేదు నాయనా. మా ఇంట్లోనే గుమ్మం తట్టుకుని పడ్డాను."

అతను ఆగిపోయాడు. నా ముఖంలోకి చూశాడు. గొడుగు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇదొక్కటే నమ్మబుద్ధి కావట్లేదు" అన్నాడు. "రేపు మళ్లీ అడుగుతాను, తాతయ్యా."