అమ్మ పాత్ర ఖాళీ

కొట్టులో ఉన్నంతసేపూ తాళాలక్క ఎవరికీ భయపడేది కాదు. తాళంచెవులు కోసే పనిలో ఉన్న ఆడమనిషి భయపడితే కుదరదు. తాగొచ్చి, "మా ఆవిడ లోపల గడియ పెట్టుకుంది, వచ్చి తలుపు తెరువు" అని మీదపడేవాళ్ళుంటారు. "ఆవిడ తెరవమంటే తెరుస్తా" అని సుత్తి చేతిలోకి తీసుకునే రకం ఆవిడ. మాటలు మాత్రం బొత్తిగా తక్కువ. కోత యంత్రం రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అలాగే అలవాటైపోయింది.

కాలేజీ లేని రోజున కూతురు పిచ్చుక వచ్చి బల్ల పక్కన కూర్చునేది. పిచ్చుక అని తండ్రి పెట్టిన ముద్దుపేరు. ఆయన పోయాక పేరు మిగిలింది. దాని కళ్ళెప్పుడూ ఫోన్లోనే. అందులో ఓ ఊరుంది, ఎక్కడా లేని ఊరు. ముక్కూమొహం తెలియనివాళ్ళంతా చేరి, ఒకడు పడవవాడు, ఒకడు డాక్టరు, ఒకతె దొంగ, అలా వేషాలు కట్టి రోజూ రాసుకుంటూ ఆడతారు. ఈమధ్య ఊళ్ళో జనం పల్చబడ్డారు. కొత్తవాళ్ళని లాక్కొచ్చే పని పిచ్చుక నెత్తిన పడింది.

"ఏమని పిలుస్తావే? మా ఊరు బాగుంటుంది, రండి అనా?" అంది తల్లి ఓ రోజు, యంత్రం ఆపి.

"అలా పిలిస్తే కుక్క కూడా రాదమ్మా. బొమ్మలూ నియమాలూ అందరూ పెడతారు, ఎవడు చదువుతాడు? ఊరి గురించి రాయకూడదు. అక్కడ నీకోసం ఎవరో ఎదురుచూస్తున్నారని రాయాలి. చెప్పకుండా వెళ్ళిపోయిన అక్క, ఆమె కోసం గుమ్మంలో కూర్చున్న తమ్ముడు... ఖాళీ చూపిస్తే ఎవరో ఒకరొచ్చి కూర్చుంటారు."

"బస్సులో సీటు లాగా."

"అచ్చం అలాగే. ముందు ఓ పేజీ రాసి పంపాలి. నచ్చితే పాత్ర ఇచ్చేస్తాం. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోం, అది మా కట్టుబాటు."

"మీ మొహాలకి కట్టుబాట్లు కూడానా," అని తాళాలక్క మళ్ళీ యంత్రం తిప్పింది. పిచ్చుక ఇంకేదో చెప్పబోయి, ఆ రొద విని, ఊరుకుంది.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. పిచ్చుక ముందే ఇంటికెళ్ళిపోయింది. సాయంత్రానికి బేరాలు లేక తల్లీ కొట్టు కట్టేసింది. వాళ్ళు ఉండే మేడకి కరెంటు పోయింది. మెట్ల మలుపులో కింది వాటా మామ్మగారు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇదేమిటే, ఇందాకేగా పైకెళ్ళావు? మళ్ళీ ఎప్పుడు దిగావు?"

"నేను ఇప్పుడే వస్తున్నానండీ."

"బాగుంది! పలకరిస్తే నవ్వి మరీ వెళ్ళావు. ఇంత వానలో బట్ట తడవకుండా ఎలా వచ్చిందా అనుకున్నా కూడాను."

తాళాలక్క మెట్లెక్కింది. నవ్వి మరీ వెళ్ళడం ఆవిడకి అలవాటు లేదు.

తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చీకటి, తడి గోడల వాసన, కాలుతున్న కొవ్వొత్తి వాసన. వాటి కింద ఇంకొకటి. ఇనుప రజను, యంత్రం నూనె కలిసిన వాసన. అది తన ఒంటి వాసన. రోజూ తనతోపాటు ఇంట్లోకి వచ్చే వాసన.

తను ఇంకా గుమ్మం బయటే ఉంది.

ముందుగదిలో పిచ్చుక కొవ్వొత్తి ముందు కూర్చుని అన్నం తింటోంది. మొహం వెలిగిపోతోంది. వంటింట్లో గిన్నెల చప్పుడు. ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నారు.

పిచ్చుక తలెత్తి గుమ్మంలోకి చూసింది. వంటింటి వైపు చూసింది. మళ్ళీ గుమ్మంలోకి. చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది.

"అమ్మా..." అంది. "నువ్వు... లోపల ఉన్నావుగా."

"లేనే."

"ఇప్పటిదాకా మాట్లాడావుగా... నాన్న గురించి. నువ్వెప్పుడూ చెప్పవే, అవన్నీ..."

తాళాలక్క చెప్పులతోనే లోపలికొచ్చి కూతురి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏం చేశావే?" అంది గుసగుసగా.

"నిజం మనిషి గురించి రాస్తే జనం ఎక్కువ వస్తారు. అందుకని... నీ గురించి రాశా. చేతికి కాలిన మచ్చ, బట్టల నిండా ఇనుప రజను. మాట్లాడదు అని. కూతురు ఎదురుచూస్తోంది, అమ్మ పాత్ర ఖాళీ అని." పిచ్చుక వెక్కింది. "చాలామంది రాసి పంపారు. ఒకావిడ మాత్రం... నేను రాయనివి కూడా రాసింది. మన కిటికీ రెక్క సరిగ్గా పడదని. నాకు నిద్రపట్టకపోతే గోడవైపు తిరుగుతానని. నిన్న ఆవిడకే ఇచ్చేశా."

కూనిరాగం ఆగింది.

"ఎవరొచ్చారు, తల్లీ?"

అది తాళాలక్క గొంతే. కాకపోతే ఎప్పుడూ విసుగెరగని గొంతు. కూతుర్ని తల్లీ అని తనెన్నడూ పిలవలేదు.

వంటింటి గుమ్మం అంచున ఓ చెయ్యి కనిపించింది. మణికట్టు మీద కాలిన మచ్చ. తర్వాత రెండో చెయ్యి.

దాని మీద కూడా మచ్చ.

"ఏ చెయ్యో రాశావా?"

"రాయలేదు..."

"మొహం? మొహం ఎలా ఉంటుందని రాశావు?"

"మొహం గురించి... ఏమీ రాయలేదమ్మా."

తాళాలక్క కొవ్వొత్తి ఊదేసింది.

చీకటి. వాన చప్పుడు. చీకట్లో అడుగులు... ఒకటి... ఇంకొకటి... తను నడిచినట్టే, కుడికాలు కాస్త ఈడుస్తూ.

"ఒక పాత్రకి ఇద్దరొస్తే ఇద్దరూ రాయాలి," అంది ఆ గొంతు మెత్తగా. "బాగా రాసినవాళ్ళకే ఇస్తారు. రాయమను, తల్లీ."

"రాయమ్మా," పిచ్చుక ఫోను తల్లి చేతిలో కుక్కింది. "ఏదో ఒకటి రాయి. నిన్నే ఎంచుకుంటా, ఒట్టు..."

"నా కూతురికి నేను అర్జీ పెట్టుకోవాలా?" తాళాలక్క లేచి నిలబడింది. "రాయను. ఇది చిన్నతనం కొద్దీ ఖాళీ అంది. ఖాళీ లేదు. నేను బతికున్నంతకాలం లేదు. పోయాక సంగతి పోయాక చూద్దాం."

"నువ్వు దానితో మాట్లాడవుగా."

ఆ మాట సూటిగా తగిలింది.

"మాట్లాడను," అంది తాళాలక్క. "అయినా నేనే."

కూతురి రెక్క పట్టుకుని లాగింది. పిచ్చుక కదల్లేదు. అదే తాళాలక్కని నిజంగా భయపెట్టింది.

"ఒక్క నిమిషం అమ్మా... నాన్న సంగతి సగంలో ఉంది. ఆవిడని పూర్తి చెయ్యనీ..."

నూనె వాసన దగ్గరకొచ్చింది. చెంపకి చల్లగా ఏదో ఊపిరి తగిలింది.

"మిగతాది నేను చెప్తా," అంది తాళాలక్క.

"నిజంగా?"

"నిజంగానే. నడవ్వే, మొద్దుమొహమా!"

ఆ తిట్టుకి పిచ్చుక చటుక్కున లేచింది. ఇద్దరూ బయటపడ్డారు. తాళాలక్క తలుపు లాగి తాళం వేసింది. అవతలి నుంచి ఎవరూ తోయలేదు, బాదలేదు.

గుమ్మం ముందు మెట్ల మీదే కూర్చున్నారు, తలుపుకి వీపులానించి. పారిపోదామంది పిచ్చుక. "ఎందుకు పోవాలి? మన ఇల్లు," అంది తల్లి. తర్వాత, మాటలు వెతుక్కుంటూ, మొదలుపెట్టింది.

"మీ నాన్న బాగా పాడతాడని అందరూ అంటారుగా. అబద్ధం. మేకపిల్ల గొంతు."

పిచ్చుక ఏడుపులోనే నవ్వింది. "ఆవిడ చాలా గొప్పగా పాడేవాడని చెప్పింది."

"చూశావా మరి."

అలా చాలాసేపు చెప్పింది. వాన తగ్గింది. పిచ్చుక ఫోన్లోంచి ఆ ప్రకటన తీసేసింది. అప్పుడు, తాళం వేసిన తలుపు వెనక, ఆ గొంతు మళ్ళీ వినిపించింది. కానీ పిచ్చుకతో కాదు.

"దారి తెలిసిందా, తల్లీ?"

"తెలిసిందమ్మా," అంది ఓ పసిగొంతు.

తాళాలక్క తాళం తీసి ఒక్క తన్ను తన్నింది తలుపుని. అప్పుడే కరెంటొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. తలుపు వెనక, లోపలి పక్క, ఓ చిన్నపిల్ల చెప్పుల జత ఉంది. తడిగా ఉన్నాయి. చేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే గుమ్మం, ఆ గుమ్మానికి వాళ్ళిద్దరూ అడ్డంగా కూర్చునే ఉన్నారు.

"చిన్నపిల్ల గురించి నేనేం రాయలేదమ్మా," అంది పిచ్చుక.

ఇల్లు మారమని మామ్మగారు పోరుతూనే ఉంది. తాళాలక్క మారలేదు. "ఖాళీ చేస్తే వాళ్ళే చెయ్యాలి," అంటుంది. ఇప్పుడు కూతురితో రోజూ మాట్లాడుతుంది, మాటలు దొరక్కపోయినా సరే. పొద్దున్నే ఆ చెప్పులు తీసుకెళ్ళి వీధి చివర పారేస్తుంది. సాయంత్రానికి తలుపు వెనక ఉంటాయి, తడిగా, వెచ్చగా. మళ్ళీ పారేస్తుంది.

మొదట్లో ఆ జత ఆవిడ అరచేతిలో పట్టేది. ఇప్పుడు పట్టడం లేదు.