ఈరవ్వ గానుగ కాడ నక్కల వేట

స్నేహలతా, బంటీ... ఈ కథ మీరు వినలేదు. నేనే వినిపించలేదు. రాత్రి పూట లేచి ఒక్కరే బాత్రూముకు వెళ్ళడం మీకు అలవాటు చేయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ కష్టమంతా ఒక్క కథతో పోతుందేమోనని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.

ఇప్పుడు స్నేహకు పదమూడు, బంటికి పది నిండాయి. ఇంకా దాచితే బోధన్‌లో మీ కృష్ణ మామే ఏదో ఒక సెలవుల్లో మసాలా కలిపి చెప్పేస్తాడు. అందుకే ఏమీ కలపకుండా నేను రాస్తున్నాను. ఇందులో నేను విన్నది ఎంతో, చూసింది ఎంతో ఎక్కడికక్కడ చెప్తాను.

బోధన్ నుంచి మా ఊరికి కాలువ గట్టు మీద ఒక దారి ఉంది. రెండు వైపులా చెరుకు మనిషిని మించి పెరిగే చోట, సగం కూలిన రేకుల షెడ్డు ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఈరవ్వ గానుగ అంటారు. ఈరవ్వ అక్కడ చెరుకు ఆడించి, పెద్ద పెనంలో బెల్లం వండేది. ఒక చలికాలం రాత్రి, పెనం పొయ్యి మీద ఉండగానే గుండె పట్టుకుని కూలబడింది. పక్కనున్న కూలీని ఒక్క మాటే అడిగిందట—

"పాకం ఒచ్చిందా?"

అతను జవాబు చెప్పేలోపే పోయింది.

తొమ్మిదేళ్ళయింది. ఆ పొయ్యిలో ఇప్పుడు ముళ్ళచెట్టు మొలిచింది. అయినా పొద్దుపోయాక అటుగా వెళ్ళేవాళ్ళకు వేడి బెల్లం వాసన వస్తుందని చెప్పుకునేవాళ్ళు. ఆ వెనకే, షెడ్డు లోపలి నుంచి, మెల్లగా... ఆ ప్రశ్న.

జవాబు చెప్పకపోతే ఇంటి దాకా వెంట వస్తుంది. 'ఒచ్చింది' అన్నారో— అయితే రా, పెనం దింపుదాం అని లోపలికి పిలుస్తుంది. పాల పాకెట్లు వేసే రాజారాం ఒకసారి అలాగే అన్నాడట. తెల్లారేసరికి షెడ్డు ముందు పడి ఉన్నాడు, రెండు అరచేతులూ బొబ్బలు. బొబ్బలు నేను చూడలేదు. కట్లు చూశాను.

కృష్ణ మామ చెరుకు తోట సరిగ్గా ఆ షెడ్డుకు ఎదురుగా ఉంటుంది.

రెండేళ్ళ కింద, షెడ్డు వెనక బొరియల్లో నాలుగు నక్కలు కాపురం పెట్టాయి. రాత్రయితే తోటలో దూరి, గడలు మొదట్లో కొరికి, రసం పీల్చి పడేసేవి. తోట చుట్టూ పాత చీరలు కట్టి చూశారు. నాలుగు రోజులు బెదిరాయి, ఐదో రోజు నుంచి చీరల కింద దూరి వచ్చాయి. దాంతో కృష్ణ మామ, ఆయన దోస్తు అతీఖ్ కలిసి నక్కల వేటకు పోవడం మొదలుపెట్టారు. వేట అనగానే కంగారు పడకండి. నక్కను చంపితే నేరం, పాపం కూడా. డబ్బా కొట్టి, పటాకులు పేల్చి, కాలువ అవతలి దాకా తరమడమే వీళ్ళ వేట.

ఆ జనవరిలో అతీఖ్ భార్య తూబాను కాన్పుకు నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర దవాఖానలో చేర్చారు. అతీఖ్ అక్కడే ఉండిపోయాడు. సాయంత్రం కృష్ణ మామకు ఫోన్ చేసి, ఇవాళ నా బదులు మా అబ్బా వస్తానంటున్నాడు, ఎంత చెప్పినా వినడం లేదు, తీసుకుపో అన్నాడు.

వాళ్ళ అబ్బా అంటే నాన్న, సమద్ చాచా. బోధన్‌లో టైలర్. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా దుకాణం, మసీదు, ఇల్లు తప్ప నాలుగో చోటు ఎరగడు. నక్కను బడి పుస్తకంలో తప్ప చూడలేదు. పైగా ఆరు నెలల కిందే గుండెలో స్టెంటు వేశారు.

ఫోన్ పెట్టేసే ముందు అతీఖ్ గొంతు తగ్గించాడు.

"ఒక్కటే మాట, కృష్ణా. అబ్బాకు భయం తగలొద్దు. డాక్టర్ గట్టిగ చెప్పిండు. ఆ ఈరవ్వ ముచ్చట నోట్లకెళ్లి రానియ్యకు."

పువ్వులో పెట్టి తెచ్చి అప్పగిస్తానని కృష్ణ మామ మాట ఇచ్చాడు. మాట ఇచ్చి, అన్నం తిని, చెయ్యి కడుక్కునేటప్పుడు గుర్తొచ్చింది— ఈరవ్వ అంటే తనకే చచ్చేంత భయమని, అతీఖ్ లేకుండా ఆ షెడ్డు ముందు ఒక్క రాత్రి కూడా కూర్చోలేదని.

సమద్ చాచా ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంకీ టోపీ పెట్టుకుని, చాయ్ ఫ్లాస్కు, మడత కుర్చీతో తయారై ఉన్నాడట. వేటకు కుర్చీ ఎందుకు చాచా అంటే, నిలబడి నేనేం పని చెయ్యలేదు బేటా, నక్కల కోసం కొత్తగా నేర్చుకోవాల్నా అన్నాడు.

బండి కల్వర్టు దగ్గర ఆపి, గట్టు మీద నడిచారు. అమావాస్య ముందు రోజులు. చెరుకు ఆకులు ఒకదానికొకటి రాసుకుంటూ... ఎవరో నడుస్తున్నట్టు. తోట చుట్టూ కట్టిన చీరలను చాచా వేళ్ళతో పట్టి చూసి, దీనికి ఫాల్ కుట్టినోడు ఎవడో గానీ నేనైతే కాదు అని గొణిగాడు.

షెడ్డుకు ఎదురుగా గట్టు వార కుర్చీ వేసుకున్నాడు. కృష్ణ మామ పక్కన గోనెసంచి మీద కూర్చున్నాడు.

కాసేపటికి చాచా మెల్లగా అడిగాడు.

"గా ఇల్లు ఎవరిది బేటా?"

"ఇల్లు కాదు చాచా... మోటరు గది."

"అచ్చా."

అబద్ధం ఆడినందుకు కృష్ణ మామకు చెమట పట్టింది. కానీ చాచా గుండె నిమ్మళంగా ఉంది, అది చాలు అనుకున్నాడు.

ఇంకో గంట గడిచింది. చలి. నిశ్శబ్దం. అప్పుడు వచ్చింది... వేడి బెల్లం వాసన.

చాచా ముక్కు ఎగబీల్చాడు. కృష్ణ మామ గబగబా, ఇందాక చెరుకు లారీ పోయింది గద చాచా, దాని వాసన అన్నాడు.

"అవు. నేను గూడ సూసిన. పెద్ద లారీ."

కృష్ణ మామ హమ్మయ్య అనుకున్నాడు. ఆ తర్వాత ఆలోచించాడు. ఏ లారీ? గట్టు మీద సైకిల్ కూడా పోలేదు.

షెడ్డు వాకిట్లో తెల్లగా ఏదో కదిలింది. గాలి లేదు. అయినా కదిలింది. మా దాంట్లోంచి ఊడిపోయిన చీర చాచా, అని కృష్ణ మామ అనేలోపే, చీరనే బేటా, చీరనే అంటూ చాచా కృష్ణ మామ మణికట్టు పట్టుకున్నాడు. పెద్దాయన భయపడ్డాడు అనుకుని కృష్ణ మామ కూడా ఆయన మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని, తెలియకుండా నాడి చూశాడు. సరిగ్గానే కొట్టుకుంటోంది.

అలా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నారో... నక్కలు వచ్చాయి.

ముందు రెండు కళ్ళు. తర్వాత ఎనిమిది.

పటాకులు మంచుకు తడిసి తుస్సుమన్నాయి. ఒక్కటి పేలింది. సమద్ చాచా కుర్చీ మీద నుంచి లేచి, ఫ్లాస్కు మూత డబ్బాకు కొడుతూ, చలో చలో, దుకాణం బంద్ అని నక్కలను అదిలించాడట. మూడు నక్కలు కాలువ వైపు పరిగెత్తాయి. నాలుగోది షెడ్డు వైపు మళ్ళింది. కర్ర ఎత్తిన ఊపులో కృష్ణ మామ దాని వెనకే ఉరికాడు.

గట్టు మీద కాలు జారింది. చేతిలో బ్యాటరీ లైటు ఎగిరి కాలువలో పడింది.

లేచి చూస్తే... తాను షెడ్డు వాకిట్లో ఉన్నాడు.

నక్క లేదు. చప్పుడు లేదు. బెల్లం వాసన మాత్రం ముఖానికి ఆవిరిలా కొడుతోంది. లోపల చీకట్లోంచి, చెవికి ఆనించి అడిగినట్టు—

"పాకం... ఒచ్చిందా?"

ఆ క్షణంలో ఏమనిపించింది అని తర్వాత నేను అడిగాను. జవాబు చెప్పకుంటే ఇంటికి వస్తది, ఇంట్ల అమ్మ ఉంది, ఒచ్చిందంటే లోపలికి గుంజుతది, కేక పెడ్దామంటే వెనక చాచా ఉన్నడు అన్నాడు. కేక వింటే ఆయన గుండె ఏమవుతుంది? మాట ఇచ్చాడు కదా. కేకను మింగేశాడు. మింగి, అలాగే నిలబడిపోయాడు.

మళ్ళీ అడిగింది. ఈసారి ఇంకా దగ్గరగా.

"ఒచ్చిందా...?"

అప్పుడు వెనక నుంచి, ఆయాసపడుతూ, కొంచెం విసుగ్గా, సమద్ చాచా గొంతు—

"ఇంక కాలే అమ్మా. రేపు రా."

అంతే.

షెడ్డులో ఎవరో నిట్టూర్చారు. టైలర్ దుకాణం మెట్లు దిగిపోతూ ఆడవాళ్ళు నిట్టూరుస్తారే, అచ్చం అలా. వాసన తగ్గింది... తగ్గింది... పోయింది.

ఇద్దరూ పరిగెత్తలేదు. పరిగెత్తితే నీ గుండెకు మంచిది కాదని ఒకరు, పడతావు బేటా అని ఒకరు ఆపుకుంటూ కల్వర్టు దాకా నడిచారు. అక్కడ గోడ మీద కూలబడ్డాక కృష్ణ మామ, రొమ్ముల నొస్తుందా చాచా అని అడిగాడు.

"నాకేమైతది? నీకెట్లుంది జెప్పు."

నాకేం అన్నాడు కృష్ణ మామ. చాచా టోపీ తీసి తల గోక్కున్నాడు.

"నక్కలతోటి నాకేం పని బేటా? అతీఖ్ ఫోన్ చేసిండు. కృష్ణకు ఈరవ్వ అంటే మస్తు భయం, ఒక్కడే కూసుంటే గుండె ఆగుతది, తోడు పో అన్నడు. నీకు ఎరుకైనట్టు కనపడనియ్యకు అని గూడ అన్నడు."

కృష్ణ మామకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. లేని లారీ ఎందుకు కనిపించిందో, చాచా తన మణికట్టు ఎందుకు పట్టుకున్నాడో అప్పుడు తెలిసింది. ఆయన కూడా నాడే చూస్తున్నాడు. నీది నాకంటే జోరుగ కొట్టుకుంది బేటా, స్టెంటు నీకు వెయ్యాల్సింది అన్నాడట.

నవ్వడం అయ్యాక, ఆ జవాబు నీకెట్ల తట్టింది చాచా అని కృష్ణ మామ అడిగాడు.

"తట్టుడేంది? నలభై ఏండ్ల సంది వాకిట్ల నిలబడి ఎవరు ఒచ్చిందా, అయ్యిందా అన్నా నా నోట్లకెళ్లి గదే ఒస్తది. ఆలోచించనే లేదు."

అని, టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా—

"రేపు రా అన్న గద... దుకాణం యాడుందో చెప్పలే గద?"

"చెప్పలే చాచా."

"అయితే ఏం గాదు."

తెల్లవారుజామున అతీఖ్ ఫోన్ చేశాడు. ఆడపిల్ల. ఆఫ్రీన్ అని పేరు పెట్టారు. ఇద్దరూ వంతులవారీగా ఫోన్ లాక్కుని, ముందు తిట్టి, తర్వాత ముబారక్ చెప్పారట.

ఆ రోజు నుంచి ఈరవ్వ గానుగ కాడ ఎవరికీ ఏమీ వినిపించలేదు. రాజారాం కూడా మళ్ళీ ఆ దారినే పాలు తెస్తున్నాడు. నక్కలు మాత్రం ఉన్నాయి.

ఇక్కడి దాకా విన్నది. ఇక నేను చూసింది.

మొన్న మే సెలవుల్లో బోధన్ వెళ్ళినప్పుడు సమద్ చాచాకు ఒక జాకెట్ కుట్టడానికి ఇచ్చాను. మూడు రోజులు 'రేపు రా' అన్నాడు. నాలుగో రోజు, మీరిద్దరూ అమ్మమ్మ దగ్గర టీవీ చూస్తుండగా, దీపాలు పెట్టే వేళకు మళ్ళీ వెళ్ళాను. కుట్టేశాడు. మడత విప్పి, హుక్కులు సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకుంటున్నాను. కరెంటు పోయింది. వీధంతా చీకటి.

చాచా మిషను ఆపాడు. తల ఎత్తకుండానే అన్నాడు—

"ఇంక కాలే. రేపు రా."

నాకు నవ్వొచ్చింది. "ఇచ్చినవ్ గద చాచా, నా చేతులనే ఉంది" అన్నాను.

అప్పుడు తల ఎత్తాడు. నన్ను చూడలేదు. నా భుజం మీదుగా, నా వెనక మెట్టు వైపు చూశాడు.

"నీకు కాదు బేటీ" అన్నాడు మెల్లగా.

నా మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది. బెల్లం వాసన... నేను వెనక్కి తిరగలేదు. ఎవరో నిట్టూర్చారు. మెట్టు దిగారు.

రోజూ వస్తుందా అని నేను అడగలేదు. రోజూ ఉన్న పనే అన్నట్టు చాచా సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

చాచాకు డెబ్బై నిండాయి. ఈ కథ మీ దోస్తులకు చెప్పండి. ఆఫ్రీన్‌కు మాటలు బాగా వచ్చాక తనకూ చెప్పండి. భయపెట్టడానికి కాదు— చాచా తర్వాత కూడా ఆ జవాబు ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి. ఏ చీకట్లోనైనా, ఏ వాకిట్లోనైనా, ఎవరైనా మిమ్మల్ని 'ఒచ్చిందా?' అని అడిగితే... తొందరపడి ఒచ్చిందని మాత్రం అనకండి.