వింటికి అతికిన నరం

దేవరగట్టు మల్లయ్య మీద ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైతే రేప్పొద్దునకు నా బోసి చిగుళ్లకు ముప్పైరెండు పళ్లూ మొలవాల!

రెండో యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. ఆదోనిలో దూదేకే నాగన్న విల్లు మోగిస్తే, ఇక్కడ ఎగిరిన దూదికి ఎమ్మిగనూరులో తుమ్మేవాళ్లు. ఆ చలికాలం ఆయన కూతురు హులిగమ్మ ఎమ్మిగనూరు నుంచి కాన్పుకొచ్చింది. బిడ్డ పుట్టి తొమ్మిదో రోజు. ఎంత చలంటే, పొయ్యిలో నిప్పు కూడా ముడుచుకొని పడుకునేది. బాలింతకు బొంత లేదు.

పొద్దున శేషాద్రి డాక్టరు ఇంట్లో దిండ్లకు దూది ఏకుతాంటే నాగన్న వింటి నరం తెగింది. గొర్రె పేగుతో పేనే నరం అది. సంత దాకా కొత్తది దొరకదు. పెరట్లో తీగ మీద జానెడేసి తెల్లని నరాలు ఆరుతాండాయి. డాక్టరేమో భూతద్దంలో తల దూర్చినాడు. 'గొర్రె నరాలే, ఒకటి పోతే ఏమాయె' అని నాగన్న తీసి మొలలో దోపుకున్నాడు.

ఇంట్లో తెగిన ముక్కల నడుమ దాన్ని ముడేసి విల్లు మీటినాడు. రోజూ 'టుంగు టుంగు' అనేది, ఆ పూట 'తా... తా...' అనింది. దూది విడిపోయేది పోయి, పోగుకు పోగు పెనవేసుకుంది. పచ్చి నెత్తురు వాసన. నాగన్న విల్లు పక్కన పెట్టబోయినాడు. అవతల కూతురి పళ్లు చలికి టకటకమంటాండాయి. కళ్లు మూసుకొని బొంత కుట్టి కప్పినాడు.

మిట్టమధ్యాహ్నం హులిగమ్మ గుసగుసగా పిలిచింది.

"నాయనా... కాలు సాపేకి రాలేదు."

"తిమ్మిరి లేమ్మా."

"కాదు నాయనా... ఎవరో పట్టుకున్నారు."

బొంత లాగినాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగినాడు. హులిగమ్మ కాలు దాంతోపాటే లేచింది.

డాక్టరింటికి ఉరికినాడు. ఎట్లా ఉరికినాడంటే, ఆయన నీడ రెండు సందులు వెనకబడింది.

విన్న డాక్టరు ముఖం పాలిపోయింది.

"అది గొర్రెది కాదప్పా. మొన్న చచ్చిపోయిన ఓబన్న మడమది. కండను ఎముకకు కట్టిపట్టే నార. అది కొందరికి కొయ్యలాగా ఎందుకు బిగుసుకుంటుందో తెలిస్తే, వంగిన నడుములు నిలబెట్టొచ్చని దాచినా."

"నా బిడ్డ కాలు సామీ!"

"దాన్ని తెచ్చెయ్యి. ఓబన్న పక్కనే పాతిపెడతా."

తిరిగొస్తే వింటికి తెగిన ముక్కలే వేలాడుతున్నాయి. నడిమి నరం లేదు. బొంత అంచున నాగన్న వేయని కుట్టు ఒకటి. తెల్లగా... తడిగా... బొంతలోంచి హులిగమ్మ మడమ లోపలికి.

బిడ్డను రొమ్ముకు అదుముకొని, "కొయ్యి నాయనా," అనింది.

కత్తెర వేసినాడు.

అరుపు వినబడింది. హులిగమ్మది కాదు. మగ గొంతు... బొంతలోంచి.

చచ్చేదాకా మా అమ్మ హులిగమ్మ కుంటుతానే నడిచింది. బొంతను ఏడుసార్లు కాల్చినారు. పొగ వచ్చింది, మంట రాలేదు.

ఏమప్పా, అట్లా నోరు తెరుచుకొని కూర్చుంటివే? ఆ బొంతనే మిద్దె మీద ఎండేసినా, పోయి మడిచి తేపో. కుట్టు ఎన్ని జానలు పెరిగిందో కొలిచి చెప్పు. దానికి నీ మడమ మాత్రం తగలనీయొద్దు.

నిన్ననే కోసినా... తడి ఇంకా ఆరలేదు.