ఎవరి చేతిలో ఉంది?

కైసా వాళ్ళమ్మ పంపిన ఏలకుల రొట్టె ఆ రోజు కూడా వెండెల్‌కి గొంతు దిగలేదు.

“తినవేం బాబాయ్? నాన్న ఉంటే నీ వాటా కూడా లాగించేసేవాడు,” అంది కైసా, చిన్న విమానం రెక్క మీది మంచు తుడుస్తూ.

“ఆకలిగా లేదు తల్లీ.”

ఆకలి లేక కాదు, మొహం చెల్లక. కైసా తండ్రి ఆర్వోకీ వెండెల్‌కీ ప్రాణస్నేహం. ఒక శీతాకాలం మబ్బుల్లో దారి తప్పి ఇద్దరూ విమానంతో సహా సుపీరియర్ సరస్సులో పడ్డారు. వెండెల్ ఒక్కడే బతికి బయటపడ్డాడు. అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పాడు: “అప్పుడు విమానం ఆర్వో చేతిలో ఉంది.” చచ్చినవాడు వచ్చి కాదంటాడా? తాగి నడిపి ఉంటాడని సరస్సు ఒడ్డున ఉన్న డులూత్ ఊరంతా చెవులు కొరుక్కుంది. ఆర్వో భార్య చర్చికి వెళ్ళడమే మానేసింది.

ఇప్పుడా మచ్చ చెరిపేస్తానని, బయటేమీ కనపడకపోయినా ముందున్న డయళ్ళలోని ముళ్ళు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అనే లైసెన్సు కోసం, కైసా ఏరికోరి వెండెల్ దగ్గరే శిష్యరికానికి చేరింది. సిగ్గులేని మనిషి, సరేనన్నాడు!

“ఇవాళ నిజం మబ్బులోకి వెళ్తున్నాం. నీ ఒంటిని నమ్మకు, ముళ్ళని నమ్ము. చేతులు మారేటప్పుడు, అవతలివాళ్ళు ‘తీసుకున్నాను’ అనేదాకా స్టీరింగు వదలకు.” ఆ చివరి మాట దగ్గర అతని నాలుక తడబడింది.

సరస్సు మీద మబ్బు వాళ్ళని మింగేసింది. అద్దాల బయట తెలుపు తప్ప ఇంకేం లేదు. లోపల తడిసిన ఉన్ని వాసన, ఇంజను రొద. ఆ రొద కింద హెడ్‌ఫోన్‌లో ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు. కైసాదే అనుకున్నాడు వెండెల్.

“బాబాయ్, కుడికి ఒరిగిపోతున్నట్టుంది...”

“ఒరగలేదు. ముళ్ళు చూడు.”

చూశాడు తనూ. ఎత్తు చూపే ముల్లు కిందికి జారుతోంది.

“నాకివ్వు!”

“ఇచ్చాను.”

“తీసుకున్నాను.”

తన ముందున్న స్టీరింగు లాగాడు. కదల్లేదు. రెండు చేతులా లాగాడు... ఉహూఁ.

“వెండెల్...” హెడ్‌ఫోన్‌లో గుసగుస. కైసా గొంతు కాదు. “ఆ రోజు... ఎవరి చేతిలో ఉంది?”

ఆ గొంతు ఆర్వోది.

“నీ... నీ చేతిలో...” గొణిగాడు.

విమానం ముక్కు ఇంకా వంగింది.

“ఎవరితో మాట్లాడుతున్నావ్? పైకి లాగు బాబాయ్!” కైసా కేక.

ముల్లు జారుతోంది. కింద సరస్సు. అదే సరస్సు.

“నా చేతిలో!” భోరుమన్నాడు వెండెల్. “నా చేతిలోనే ఉంది కైసా! మ్యాప్ పడిపోతే తీద్దామని వంగాను. పట్టుకో అన్నాను. మీ నాన్న ‘తీసుకున్నాను’ అనకముందే వదిలేశాను. ఆయన తప్పేం లేదు... అంతా నాదే!”

స్టీరింగు వదులైంది.

“ఇటివ్వు,” అంది కైసా. తన ముందున్న స్టీరింగు గట్టిగా పట్టుకుని, “తీసుకున్నాను.”

ఆ తర్వాత పెదవి విప్పలేదు. ముళ్ళ మీంచి చూపు తిప్పకుండా మబ్బు దాటించి రన్‌వే మీద దింపింది. ఇంజను ఆపి, అప్పుడు తిరిగింది అతని వైపు.

“ఈ ముక్క మా అమ్మకి నువ్వే చెప్పాలి. ఇవాళే. గేటు దగ్గర ఉంటాను.”

దిగి వెళ్ళిపోయింది. వెండెల్ చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. చెప్పేస్తాను, కాళ్ళ మీద పడైనా చెప్పేస్తాను అనుకున్నాడు. ఇన్నేళ్ళకి గుండె కాస్త తేలికపడింది.

రేడియోలో, విమానాల రాకపోకలు చూసే టవర్ మనిషి పలికాడు. “శభాష్! అంత మబ్బులోనూ నేను చెప్పిన ప్రతి మాటా తడుముకోకుండా తిరిగి అప్పజెప్పాడు మీవాడు. ఎవరండీ ఆయన?”

మబ్బులో టవర్‌తో తను మాట్లాడలేదు. కైసా మాట్లాడలేదు.

“మేమిద్దరమే... మగవాణ్ణి నేనొక్కణ్ణే,” అన్నాడు వెండెల్ నీరసంగా.

“భలేవారే! ఇప్పుడేగా మళ్ళీ ఎగరడానికి అనుమతి అడిగాడు, సరస్సు మీదికి. ఎంతమంది అని నేనడిగితే, ‘పాప దిగిపోయింది, ఇద్దరమే’ అన్నాడు.”

గేటు దగ్గర కైసా వెనక్కి తిరిగి, రమ్మని చెయ్యూపింది.

వెండెల్ తలుపు పిడి తిప్పాడు. అది కదల్లేదు.