నూట నలభై రెండో డబ్బా

బడిపిల్లల డబ్బాల్లో నూట నలభై రెండోదాని మూత తీసి, పరీక్షకురాలు దమయంతి అగ్గిపుల్ల తలంత మలం ముక్కను గొట్టంలో కలిపింది. జన్యువును చదివే యంత్రం, జన్యుపఠని, పదకొండు నిమిషాలు తీసుకుంది.

కొంకిపురుగు. వంశం: మూతనేల, ఏడో గడి.

డబ్బా మీద పేరు నీలవేణి, రెండో తరగతి. మూతనేల ఊరి గోడకు బయటి నేల; అక్కడివాళ్లు గోడ లోపల ఉండకూడదు. పురుగు ఏ మట్టిలో పుట్టిందో దాని జన్యువే చెబుతుంది. బిడ్డ కడుపులో ఆ వంశం దొరికితే ఇంటిల్లిపాదినీ సాయంత్రంలోగా బయటికి పంపుతారు.

కాపలావాడు తల్లిని తీసుకొచ్చాడు. అప్పలనర్స. పర్యవేక్షకుడు త్రినాథరావు తల తిప్పుకున్నాడు.

"మా ఇంట్లో పనిమనిషే. అయినా రూలు రూలే. పంపెయ్."

"అది మా గుంటది కాదమ్మా," అంది అప్పలనర్స దమయంతితో. "దానికి రెండ్రోజుల్నుంచి దొడ్డికి అవ్వలేదు. ఎనిమిదింటికి డబ్బా ఇవ్వకపోతే బడి మానిపించేత్తారు కదా. అందుకని వేరే పిల్లది తెచ్చీసినాను."

"ఎవరిదే?" అన్నాడు త్రినాథరావు.

"మీ మనవరాలిదే బాబూ. పెద్దింటి పిల్ల, పురుగులుండవనుకున్నాను."

"నోర్ముయ్! హవిష గచ్చు దిగదు."

"పెరట్లో ఆడతాది. మొన్న మొక్కలకని గోడవతల్నుంచి లారీ మట్టి తెప్పించినారు, నానే మోసినాను. ఆ పిల్లని రోజూ కడిగేదీ నానే. మీకేటి తెలుస్తాది?"

కాపలావాడు నవ్వబోయి దగ్గాడు.

జన్యుపఠనిలో రెండో వరస ఒకటి ఉంది. మలం ఏ బిడ్డదో అందులో తెలుస్తుంది. పెద్దల పిల్లల జన్యువు బయటపడకూడదని దాన్ని మూసి ఉంచారు. పరీక్షకురాలి బొటనవేలికి తెరుచుకుంటుంది. తెరిస్తే ఉద్యోగం పోతుంది.

పదకొండేళ్లలో దమయంతి ముప్పై నాలుగు ఇళ్లను బయటికి పంపింది. డబ్బాలోది నిజంగా ఎవరిదో ఒక్కసారీ చూడలేదు.

ఆమె బొటనవేలు పలక మీద పెట్టింది.

"దమయంతీ, చెయ్యి తియ్యి."

"తీస్తే ఎవరిదో ఎలా తెలుస్తుంది సార్?"

"నీకు పిల్లలున్నారు. గుర్తుందా?"

"ఉన్నారండి."

ఆమె నొక్కింది. బహిష్కరణ కాగితం బయటికి వచ్చింది. దమయంతి దాన్ని చదివి కాపలావాడికి ఇచ్చింది. అతను అప్పలనర్స చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

"ఎవర్ని తీసుకెళ్లాలమ్మా?"

"పేరుంది. చదువుకో."

అతను చదివాడు. అప్పలనర్స చెయ్యి వదిలాడు. త్రినాథరావు కుర్చీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆయన్ని ఎలా పిలవాలో అతనికి తోచలేదు.

దమయంతి పాత నమూనాల పెట్టె తెరిచి, తను పంపేసిన ముప్పై నాలుగు ఇళ్ల గొట్టాల్లో మొదటిది జన్యుపఠనిలో పెట్టింది.